ఏ బడిల ఏస్తవ్ బిడ్డా, ఓటు

నాకు లెక్కలు నేర్పిన గురువంటూ ఎవరూ లేరు. ఇంటర్ మధ్యలో ఆగిపోయాక పాత పుస్తకాలు కొనుక్కుని, వెనక పేజీల్లో జవాబు ముందు చూసి, అక్కణ్నుంచి వెనక్కి నడుచుకుంటూ నేర్చుకున్నాను. ఆ అలవాటు పోలేదు. అందుకే ఇక్కడ కూడా జవాబు ముందే చెప్పేస్తున్నాను. ఆ అబ్బాయి గెలవలేదు.

నన్ను ఇప్పటికీ కుదురుగా కూర్చోనివ్వనిది ఆ జవాబు కాదు. నామినేషన్ వేసిన రోజుకీ, దాన్ని వెనక్కి తీసుకునే గడువుకీ మధ్య గడిచిన ఆ కొద్ది రోజులు. అప్పుడు నేను ఒక లెక్క చేశాను. లెక్క తప్పు కాదు. ఏ ప్రశ్నకి ఆ లెక్క జవాబో మాత్రం నాకు చివరిదాకా తెలియలేదు.

మా నాన్న కోస్తా నుంచి వచ్చి యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తాగా చేరాడు. నేను తార్నాకలోనే పుట్టాను. క్యాంపస్ గోడ పక్కనే పెరిగి క్యాంపస్‌లో చదవనివాణ్ని. ఇప్పుడు చిన్న చిన్న షాపులకి పన్నుల కాగితాలు చూసిపెడతాను. మా ఆవిడ మేం వెళ్లే చర్చి వాళ్ల బడిలో టీచరు. డాక్టరు చెప్పాక రోజూ తెల్లవారకముందే క్యాంపస్‌లో నడకకి వెళ్తున్నాను. బయటికొస్తూ, తార్నాక వైపు గేటు దగ్గర ఒకావిడ బండి మీద రాగి జావ తాగడం నా దినచర్య. ఆవిడ దాన్ని అంబలి అంటుంది. పల్చగా చేసి, మజ్జిగ కలిపి, పైన ఉల్లిపాయ ముక్కలు వేసి, స్టీలు గ్లాసులో పోస్తుంది. నేను ఆవిణ్ని అక్కా అంటాను. ఆవిడ నన్ను సారూ అంటుంది.

ఆ అబ్బాయి ఆవిడ కొడుకు. చిన్నప్పుడు ఆ బండి వెనక నిలబడి గ్లాసులు కడిగినవాడు. గోడకి ఆనుకుని ఉన్న మాణికేశ్వర్ నగర్‌లో వాళ్ల ఇల్లు. క్యాంపస్‌లోనే డిగ్రీ చేశాడు, పీజీలో చేరాడు, మధ్యలో వదిలేసి అమ్మ చేసే పిండిని ప్యాకెట్లలో పెట్టి అమ్మడం మొదలుపెట్టాడు. మొదట హాస్టళ్లకి, తర్వాత కిరాణా కొట్లకి. ఆ తర్వాత తార్నాకలో ఒక షాపు, రామంతాపూర్‌లో ఒకటి, కాచిగూడ స్టేషన్ దగ్గర ఒకటి. గోడల మీద జొన్న కంకుల బొమ్మలు, ఎత్తు కుర్చీలు, గాజు గ్లాసులు. ముప్పై దాటి ఎన్నో ఏళ్లు కాలేదు. తల్లిని తీసుకుని తార్నాకలో ఫ్లాట్‌లోకి మారాడు. మాణికేశ్వర్ నగర్ ఇంట్లో పిండి పట్టే మిషన్లు పెట్టాడు. తల్లి మాత్రం గేటు దగ్గర బండి వదల్లేదు. "షాపుల కూసుంటే నాకు నిద్రొస్తది సారూ," అంటుంది.

ఎన్నికల ఆలోచన అతనికి పుట్టించింది నడకకి వచ్చేవాళ్లే. పొద్దున్నే బండి చుట్టూ గుమిగూడి, గ్లాసు చేతిలో పట్టుకుని దేశాన్ని బాగు చేస్తారు కదా. ఒక రిటైర్డ్ ప్రొఫెసర్ గారు మొదట అన్నారు. "నీలాంటివాళ్లు రావాలయ్యా. కష్టపడి పైకొచ్చావు. నిలబడు, మేమంతా లేమా?" చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. విద్యార్థులు ఊరుకోరు కదా, "అన్నా, క్యాంపస్ మొత్తం నీదే" అన్నారు. ఫోన్లో ఒక గ్రూపు పెట్టారు. అది నిండిపోయి రెండోది పెట్టారు. చలి మొదలైన రోజుల్లో అతను ఇండిపెండెంట్‌గా నామినేషన్ వేశాడు.

అప్పటికి నేను అతని షాపుల కాగితాలు చూస్తున్నాను. పోలింగ్ ఏజెంట్ల సంగతి, బూత్‌ల సంగతి కూడా చూడమన్నాడు. "అంకుల్, మీకు లెక్కలు తెలుసు గద," అన్నాడు. సరే అన్నాను. నాలుగు రోజులు బాగానే గడిచాయి.

ఐదో పొద్దున ఒక మనిషి వచ్చాడు. తెల్ల చొక్కా, నున్నగా దువ్విన జుట్టు. ఒక పెద్ద పార్టీ అభ్యర్థికి కుడిభుజం అని అందరికీ తెలుసు. నవ్వుతూ గ్లాసు అందుకున్నాడు.

"అమ్మా, నీ అంబలి తాగకపోతే నాకు తెల్లారదు. ఎన్నేండ్లాయె నువ్వు గీడ కూసోవట్టి?"

"మావోడు బడికి పోకముందు నుంచి."

"గదే చెప్తున్న అందరికి. గీ జాగ అమ్మది, ఎవ్వరు ముట్టద్దని. కానీ ఫుట్‌పాత్ పని వస్తున్నదంట. బండ్లన్ని ఖాళీ చేయిస్తరంట. నేనున్న లే, ఫికర్ చెయ్యకు." గ్లాసు బండి మీద పెట్టి గొంతు తగ్గించాడు. "కొడుకుకు జర చెప్పు. చిన్నోడు, ముందుగాల మస్తు టైమున్నది. విత్‌డ్రా చేసుకుంటే అన్ని నేను చూస్కుంట."

ఆవిడ గ్లాసు తీసి, రెండుసార్లు కడిగింది.

విషయం కొడుక్కి చేరింది. ఆ మధ్యాహ్నమే తార్నాక షాపులో నన్ను కూర్చోబెట్టాడు. కుర్చీలో ఉండలేకపోతున్నాడు. లేచి అద్దాల తలుపు దాకా వెళ్తాడు, మెట్రో స్తంభాల వైపు చూస్తాడు, మళ్లీ వచ్చి కూర్చుంటాడు.

"అంకుల్, నాకు షాపులు పోయినా భయం లేదు. మళ్ల పెట్టుకుంట. అమ్మ జాగ పోతే అమ్మ ఉండలేదు. ఆమె పానం గాడనే ఉన్నది."

"మరి ఏం చేద్దామంటావు?"

"మీరు లెక్క చెప్పండి. గెలిచేటట్టుంటే ఉంట. గెలిస్తే ఆ జాగ ఎవడు ముడతడు? గెలవనంటే విత్‌డ్రా చేస్త. నా మనసు అడిగితే ఒక్కోసారి ఒక్కోటి చెప్తున్నది. మీ లెక్కే ఫైనల్."

ఇంటికెళ్లి మా ఆవిడకి చెప్పాను. పేపర్లు దిద్దుతూనే, "లెక్క అడిగితే లెక్క చెప్పండి, ఆ అబ్బాయి బతుకు చెప్పకండి," అంది. రెండింటినీ విడదీయడం ఎలాగో మాత్రం చెప్పలేదు.

నాకు అప్పటికే ఒక అనుమానం ఉంది. ప్రొఫెసర్ గారు రోజూ అతని భుజం తట్టి "నా ఓటు నీకే" అని కారెక్కుతారు. ఆ కారు రామంతాపూర్ వెళ్తుంది. నాకు తెలుసు, వాళ్ల పక్కింటాయన కాగితాలు కూడా నేనే చూస్తాను. రామంతాపూర్ వేరే నియోజకవర్గం. ఆయన అబద్ధం ఆడటం లేదు. ఆయనకి నిజంగా ఆ అబ్బాయంటే ఇష్టం. ఓటు ఎక్కడుందో ఆయన ఆ క్షణంలో ఆలోచించలేదు, అంతే. క్యాంపస్‌లో నడిచేవాళ్లకి అది సహజం. చెట్లు మనవే, రోడ్లు మనవే, నెమలి అరుపు మనదే అనిపిస్తుంది. ఊరంతా మనదే అనిపించే చోట నియోజకవర్గం ఎక్కడ గుర్తుకొస్తుంది?

అందరినీ అడగాలి. కానీ ఎలా? అతను ససేమిరా అన్నాడు. "కస్టమర్ ప్రేమగా మాట్లాడుతుంటే, సార్ మీ ఓటు ఏడున్నదని అడుగుతామా? కులం అడిగినట్టుంటది." అది కూడా నిజమే. నియోజకవర్గం పేరు అడిగితే సగంమందికి సరిగ్గా తెలియదు కూడా.

దారి చూపింది తల్లే. లెక్క సంగతి వినగానే, "గంతేనా? నేనడుగుత," అంది.

మర్నాటి నుంచి గ్లాసు అందిస్తూ ఒకటే మాట. "ఏ బడిల ఏస్తవ్ బిడ్డా, ఓటు?"

ఇంత చక్కటి ప్రశ్న నాకు తట్టలేదు. నియోజకవర్గం మర్చిపోయినవాడు కూడా ఏ బడి గేటు ముందు లైన్లో నిలబడ్డాడో మర్చిపోడు. ఎవరికీ కోపం రాలేదు. ఆవిడ ఊరికే పలకరిస్తోందనుకున్నారు.

"రామంతాపూర్ల, టీవీ స్టేషన్ పక్క బడిలనమ్మా."

"నేను కాచిగూడ, అమ్మా. ఈ గాలి కోసం బండి మీద వస్త."

"నాది నల్లగొండ దిక్కు ఊరు. హాస్టల్ల ఉంట. మా ఊరి బడిలనే ఏస్త."

"నాకు ఓటే లేదాంటీ, రెండుసార్లు అప్లై చేసిన."

"సిగ్గు లేదా, గంత చదువు చదివి?" అంది ఆవిడ. చుట్టూ నవ్వులు. ఆ కుర్రాడు ఇంకో గ్లాసు తాగి వెళ్లాడు.

ఆవిడ పక్కన కడగాల్సిన గ్లాసులకి రెండు టబ్బులు ఉంటాయి. మన నియోజకవర్గంలో ఓటున్నవాళ్ల గ్లాసు ఎర్ర టబ్బులో, మిగతావి నీలం టబ్బులో వెయ్యమన్నాను. నేను పక్కన నిలబడి చూసేవాణ్ని. ఒక్క రోజు చూసి చెప్పడం నా పద్ధతి కాదు. ఆదివారం వచ్చేవాళ్లు వేరు. ఆ రోజు మా చర్చి వాళ్లు రారు, బయటివాళ్లు ఎక్కువ వస్తారు. మామూలు రోజులూ చూశాను, ఆదివారమూ చూశాను. ఏ రోజు చూసినా ఒకటే. నీలం టబ్బు అంచు దాకా నిండి, గ్లాసులు ఒకదానిమీద ఒకటి జారుతుంటే, ఎర్ర టబ్బులో అడుగు కనిపిస్తోంది. ఐదింట ఒకటి కూడా కాదు.

మా చర్చిలో కూడా అడిగాను. చాలామంది టీచర్లు, గుమాస్తాలు, ఎన్నో ఏళ్లుగా ఇక్కడే ఉన్నారు. అయినా కొందరి ఓటు ఇంకా గుంటూరు దగ్గరా, ఒంగోలు దగ్గరా ఉంది. "ఎన్నికలప్పుడైనా ఊరికి వెళ్లినట్టు ఉంటుందని ఉంచేశాం," అన్నారు.

గడువుకి ముందురోజు పొద్దున, జనం పలచబడ్డాక, బండి పక్కనే చెప్పాను. మెత్తగా చెప్పడం నాకు చేతకాదు.

"గెలవవు. దగ్గరికి కూడా రావు. నిన్ను ఇష్టపడేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల ఓట్లే ఇక్కడ లేవు."

అతను నీలం టబ్బు వైపు చూశాడు. తర్వాత ఒక పెద్ద ఊపిరి వదిలాడు. నేను బాధ చూస్తాననుకున్నాను. భుజాలు కిందికి దిగాయి, మొహం తేటపడింది. అంతకుముందు చాలా రోజుల నుంచి కనిపించని చిన్న నవ్వు కూడా వచ్చింది.

"అయితే రేపు విత్‌డ్రా చేస్త. ఏం చేస్తం? అమ్మ జాగన్న ఉంటది. అమ్మ కోసం చేస్తున్న అంకుల్, లేకుంటే నేను ఎనుకకు పోయేటోన్ని కాదు."

తల్లి గ్లాసులు కడుగుతోంది. చేయి ఒక్కసారి ఆగింది. కొడుకు మొహం వైపు చూసింది, మళ్లీ కడగడం మొదలుపెట్టింది. నేను చూసిన తేటదనం ఆవిడా చూసింది.

ఆ రోజంతా నాకు ఏ పనీ సాగలేదు. ఒక షాపు కాగితాలు తీసి, మూసి, మళ్లీ తీశాను. లెక్క సరిగ్గానే ఉంది. మళ్లీ చేసినా అదే వస్తుంది. అయినా ఎక్కడో ఏదో మిగిలిపోయినట్టు అనిపించింది. భాగహారం పూర్తయి శేషం సున్నా వచ్చాక కూడా ఇంకా ఏదో దించాల్సిన అంకె ఉన్నట్టు.

మర్నాడు గేటు దగ్గర బండి లేదు.

నేల మీద చక్రాల గుర్తులు, తడి ఆరిన మరక, అంతే. నడకకి వచ్చినవాళ్లు నిలబడి చూస్తున్నారు. "అప్పుడే తీసేశారా?" అన్నారు ప్రొఫెసర్ గారు. నేను ఫోన్ చేస్తే ఆ అబ్బాయి పరిగెత్తుకొచ్చాడు, కాళ్లకి చెప్పులు కూడా సరిగ్గా లేవు. తల్లి ఫ్లాట్‌లో లేదన్నాడు. ఇద్దరం అతని బైకు మీద మాణికేశ్వర్ నగర్‌లోకి వెళ్లాం.

పాత ఇంటి ముందు, సందులో, మురుగు పారే మోరీ పక్కన బండి నిలబెట్టి ఉంది. ఆవిడ ఉల్లిపాయలు తరుగుతోంది. కొనేవాళ్లు ఎవరూ లేరు.

"ఎవరు తీయించిన్రమ్మా? చెప్పు, వానికి..."

"ఎవ్వలు తియ్యలే. నేనే తెచ్చుకున్న. ఇద్దరు ఆడోళ్లను పిలిచిన, నూకిన్రు."

"ఎందుకు? నేను ఇయ్యాల విత్‌డ్రా చేస్త అన్న గద! ఆ జాగ నీదే ఉంటుండె."

"గందుకే తెచ్చుకున్న." కత్తి పక్కన పెట్టింది. "నువ్వు ఎనుకకు పోవాల్నంటే పో. నీ ఇష్టం. భయమైతుందని చెప్పి పో, ఓడిపోత అని చెప్పి పో. నా పేరు చెప్పి పోకు. రేపు పదిమందిల మా అమ్మ కోసం వదులుకున్న అంటవ్. నేను సచ్చేదాంక గా మాట మోయాల్నా?"

"నేను నీ గురించే ఆలోచించిన," అన్నాడతను.

"ఆలోచించినవ్ లే. నిన్న సారు ఓడిపోతవ్ అనంగనే నీ మొఖంల ఎంత కళ వచ్చిందో నేను జూడలేదా?"

ఆ మాటకి అతను బండి చెక్క పట్టుకుని నిలబడిపోయాడు. ఆవిడ ఒక గ్లాసు నింపి నాకిచ్చింది, ఒకటి అతనికిచ్చింది. "తాగు. ఏ పని చేసినా పరిగడుపున చెయ్యకు."

ఆవిడ మాట నాకూ తగిలింది. అతను నన్ను అడిగింది గెలుస్తానా లేదా అన్న లెక్క. నిజంగా అతనికి కావాల్సింది ఆగిపోవడానికి ఒక కారణం. నా సంఖ్య ఒక కారణం, తల్లి జాగా ఇంకో కారణం. రెండూ చేతిలో పెట్టుకుని హాయిగా ఇంటికి వెళ్లిపోయేవాడే. ఆవిడ ఒకటి లాగేసుకుంది. మిగిలిన నా లెక్క ఒక్కటీ అతనికి సరిపోతుందా అన్నది ఇప్పుడు ప్రశ్న.

ఎన్నికల ఆఫీసుకి నన్నూ రమ్మన్నాడు. మధ్యాహ్నం మూడింటి దాకా గడువు. సంతకం చేయడమే మిగిలిన విత్‌డ్రా కాగితం జేబులో ఉంది. లోపలికి వెళ్లాడు, బయటికొచ్చాడు. నీళ్లు తాగాడు. మళ్లీ లోపలికెళ్లి, మంచినీళ్ల కుండ దాకా నడిచి, వెనక్కి వచ్చాడు. ఆ వరండాలో అతనూ నేనూ తిరిగిన తిరుగుడు చూసి పోలీసాయన, "కూసోండి సార్, మీరు తిరిగితే నాకు కండ్లు తిరుగుతున్నయి," అన్నాడు.

"అంకుల్, మీ లెక్కల తప్పుండే చాన్స్ ఉన్నదా?"

"లేదు."

"కొంచెం గూడ?"

"నువ్వు ఓడిపోతావు. అందులో మార్పు లేదు. ఉండాలా వద్దా అన్నది నా లెక్కలో రాదు. నిన్న నేను ఆ మాట చెప్పాల్సింది."

ఫోన్ మోగింది. ఆ తెల్లచొక్కా మనిషి. అబ్బాయి స్పీకర్ ఆన్ చేశాడు, నేను వినాలనేమో.

"తమ్మీ, ఏడున్నవ్? టైమైతున్నది. అమ్మ జాగ గురించి నేను మాట్లాడిపెట్టిన, పక్కా."

"అన్నా, అమ్మ గాడ లేదు. పొద్దుగాలనే పోయింది. జాగ ఖాళీగనే ఉన్నది, మీరు తీసుకోండి."

అవతలి మనిషి "గట్లనా," అని పెట్టేశాడు. ఈ అబ్బాయి మళ్లీ మంచినీళ్ల కుండ దాకా నడిచాడు. అతను ధైర్యవంతుడైపోయాడని నేను రాయను. మూడయ్యేదాకా ఆ తిరుగుడు ఆగలేదు, మూడయ్యాక కూడా ఆగలేదు. జేబులో కాగితం మాత్రం బయటికి రాలేదు.

ఆ తర్వాత గుర్తులు ఇచ్చారు. అతను అడిగినవేవీ రాలేదు. ఇస్త్రీపెట్టె వచ్చింది. తల్లికి చెబితే, "ఇస్త్రీపెట్టెనా? మన ఇంట్ల ఇస్త్రీ బట్ట తొడిగినోడు నువ్వొక్కనివే గదరా," అని పెద్దగా నవ్వింది. ఆ వారంలో ఆవిడ నవ్వడం అదే మొదటిసారి.

మర్నాడు పొద్దున గేటు దగ్గర నిలబడి, బండి ఎక్కడికి మారిందో వచ్చినవాళ్లకి చెప్పాను. అందరూ అయ్యో అన్నారు. సందులోకి వచ్చి తాగినవాళ్లు చాలా తక్కువ. తప్పు పట్టను, వాళ్లు నడకకి వచ్చినవాళ్లు, దారి మార్చుకోవడం కష్టం. ప్రొఫెసర్ గారు ఒక రోజు వచ్చారు, మోరీ వాసనకి రుమాలు ముక్కుకి పెట్టుకుని, గ్లాసు ఖాళీ చేసి, మళ్లీ రాలేదు.

నేను గేటు దగ్గర నిలబడ్డ రోజే ఆ అబ్బాయి మొదటిసారి కరపత్రాలు పట్టుకుని ఆ సందుల్లోకి వెళ్లాడు. పక్కన నేను ఓటర్ల కాగితాలతో. ఇంతకాలం గోడకి ఇటువైపు చప్పట్లు వింటూ, గోడకి అటువైపు ఒక్క తలుపూ తట్టలేదు. అక్కడే పుట్టినవాడు. మొదటి ఇంట్లోనే ఒక పెద్దావిడ గడపలో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది.

"నువ్వు అంబలామె కొడుకువు గద?"

"అవునమ్మా. నన్ను గుర్తుపట్టిన్రా?"

"గుర్తెట్ల పట్టకుంట? మా ఇంటి గోడ మీద మూత్రం పోసేటోనివి." లోపల్నుంచి ఎవరో నవ్వారు. "ఫ్లాట్ కొన్నవంట. షాపులు పెట్టినవంట. ఇన్నేండ్లకు మా గల్లి యాదికొచ్చిందా?"

అతను తల దించుకున్నాడు. "అమ్మ అంబలి ఎన్నడన్న తాగిన్రా, గేటు కాడ?" అన్నాడు, ఏం మాట్లాడాలో తెలియక.

"గేటు కాడికి నేనెందుకొస్త? గాడ నడిచేటోళ్లు తాగుతరు. మాకు నడకెందుకు బిడ్డా, పొద్దంత నడుసుడే." చిక్కుడుకాయల పళ్లెం పక్కకి జరిపింది. "వాన పడితే గా మోరీ నీళ్లు మా పొయ్యి కాడికొస్తయ్. గది చెప్పనీకే ఎవడన్న దొరుకుతడా అని సూస్తున్న. కూసో."

ఆ సందులో ఇంకా చాలా ఇళ్లున్నాయి, ఒక్కోదానికి ఎంతసేపు కేటాయించాలో నేను ముందే లెక్కవేసుకుని వచ్చాను. ఇలా అయితే సాయంత్రానికి సగం కూడా పూర్తవదు. వెళ్దామని సైగ చేశాను. అతను నా వైపు చూడలేదు. ఇస్త్రీ చొక్కాతో ఆ గడప మీద కూర్చుని, "నీళ్లు ఎంత ఎత్తుకొస్తయమ్మా, చూపియ్యి," అన్నాడు.